గోనెపట్టాల గోలుపోస్టు

కొత్త నైలాన్ వలకు ఒక వాసన ఉంటుంది. అప్పుడే చించిన ప్లాస్టిక్ కవరు వాసన, ఎండకు కాగిన తాడు వాసన కలిసినట్టు. మొన్న ఆదివారం సూర్యాపేటలో మా మనవరాలి ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి వెళ్లి, గోలుపోస్టుకు దగ్గరగా సిమెంటు మెట్ల మీద కూర్చుంటే గాలికి ఆ వాసన నా దాకా వచ్చింది. పక్కన పిల్లలు పాప్‌కార్న్ తింటున్నారు, స్పీకర్లలో పాటలు చెవులు పగిలేలా మోగుతున్నాయి, మైకు పట్టుకున్న కుర్రాడు చప్పట్లు కొట్టమంటే కొడుతున్నారు, ఆపమంటే ఆపుతున్నారు. అందరూ హాయిగానే ఉన్నారు. నాకు మాత్రం అరచేతులు చెమటలు పట్టాయి. గోలుపోస్టు దగ్గర కూర్చుంటే నాకు పదేళ్ల వయసప్పటి నుంచీ ఇదే వరస.

మా చిన్నతనంలో గ్రౌండుకు మెట్లూ లేవు, కంచే లేదు. ఆడేవాళ్లకూ చూసేవాళ్లకూ మధ్య సున్నంతో గీసిన గీత ఒక్కటే అడ్డం. వానాకాలం వడ్లు మిల్లులకు చేరి, ఊరి మీద సన్నని తవుడు దుమ్ము పరుచుకుని, పొద్దున్నే మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చే చలి రోజుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ జట్లకు పోటీలు పెట్టేవారు. ఫైనల్ రోజు మధ్యాహ్నానికే బజారు సగం మూతపడేది. మిర్యాలగూడ వాళ్లు ట్రాక్టర్ ట్రాలీల్లో నిలబడి, డప్పులు కొట్టుకుంటూ, దుమ్ము కొట్టుకుపోయిన మొహాలతో దిగేవారు. ఆంధ్రా పక్కనే ఉండే కోదాడ వాళ్లు బస్సు దిగి "ఎవరు గెలుస్తారంటారండీ?" అంటే, మావాళ్లు ఆ 'అండీ'ని పట్టుకుని పొద్దుగూకే దాకా ఏడిపించేవారు. బొగ్గుల మీద కాలుతున్న మక్కకంకులు, ఉప్పుకారం అద్దిన జామకాయలు, పొట్లాల్లో వేడి వేడి పల్లీలు, వాటన్నిటి మీదా బీడీల పొగ. ఆట వేడెక్కిన కొద్దీ జనం గీత మీదికి జరుగుతూ వచ్చేవారు. ఒక పెద్దాయన కర్రతో వాళ్ల కాళ్ల మీద తట్టుకుంటూ వస్తే వెనక్కి జరిగి, ఆయన అటు తిరగ్గానే మళ్లీ ముందుకు జరిగేవారు. బంతి జనంలో పడితే, అది మనవాళ్ల త్రో అయితే చటుక్కున అందించేవారు, ఎదుటివాళ్లదైతే ఎవరి కాళ్ల కిందో మాయం చేసేవారు.

పోస్టులకు వల ఉండేది కాదు. రెండు నిలువు కర్రలు, పైన ఒక అడ్డకర్ర. గోలు అయిందా లేదా అని తేలకపోతే రెఫరీ ఈల చేత పట్టుకుని పోస్టు వెనక కూర్చున్న జనం దగ్గరికి వచ్చేవాడు. చూసినవాళ్లు సున్నం గీత దాటి లోపలికి వచ్చి, అందరి ముందూ నిలబడి చెప్పాలి. కూర్చున్నచోటి నుంచి ఎంత గొంతు చించుకున్నా లెక్కలోకి రాదు. గీత దాటి చెప్పిన మాటే తీర్పు, దాని మీద మళ్లీ మాట లేదు. వినడానికి బాగుంటుంది కానీ, గీత దాటినవాడు ఏ ఊరివాడని చివరికి తన్నులాటే అయ్యేది.

ఆ తన్నులాట వద్దని ఆ ఏడు మా నాన్న ఒక ఉపాయం చేశారు. మాకు బియ్యం మిల్లు ఉండేది. పాత గోనె సంచులు విప్పి, పట్టాలుగా కుట్టించి, పోస్టుల వెనకా పక్కలా వలలాగా కట్టిస్తానన్నారు. కుట్టింది ఎల్లయ్య. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, మిల్లులో సంచుల మూతులు కుట్టే మిషను మీద పనికి కుదిరిన మనిషి. ఆ మిషను అప్పుడు కొత్త. దానికి తనే నూనె పెట్టి, తనే తుడిచి, సాయంత్రం పూట గుడ్డ కప్పి పోయేవాడు తప్ప ఇంకొకళ్లను ముట్టనిచ్చేవాడు కాదు. "ఎల్లయ్య కుట్టిండంటే గింజ రాలదు" అని రైతులు అంటుంటే వినపడనట్టు మొహం పెట్టేవాడు, చెవులు మాత్రం ఇటే ఉండేవి.

ఆ మిషను కుట్టులో ఒక తమాషా ఉంది. మొదటి కొసన పట్టుకుని లాగితే దారం ఇంకా బిగుసుకుంటుంది. చివరి కొస దొరికిందా, ఒక్క లాగుకు సంచి మూతి మొత్తం సర్రున విడిపోతుంది. మిల్లులో పెరిగిన నాకు ఆ చివరి కొస కనిపెట్టడం అన్నం తినడమంత తేలిక. అందుకే ఎల్లయ్య పట్టాలు కుట్టాక ప్రతి చివరి కొసకూ గట్టిగా ముడి వేశాడు.

ఫైనల్ మాకూ మిర్యాలగూడకూ పడింది. రెఫరీ కోదాడ నుంచి వచ్చిన డ్రిల్లు సారు. పక్కల మగవాళ్ల తోపులాట ఎక్కువని ఆడపిల్లల్ని పోస్టు వెనక కూర్చోబెట్టారు. తీరా కూర్చుంటే ఏముంది, గోనె పట్టా తప్ప ఏమీ కనపడదు. జనం హోరెత్తుతున్నారు, నాకు సంచి కంపు తప్ప ఆట లేదు. ఏడుపొచ్చింది. పక్కవైపు పట్టాకు జరిగి, కుట్టు చివరి ముడిని పళ్లతో విప్పాను. బెత్తెడు దారం లాగి, ఆ సందుకు కన్ను ఆనించాను. బెత్తెడే.

ఆట ఇంకా కాసేపట్లో ముగుస్తుందనగా మిర్యాలగూడ కుర్రాడొకడు తన్నిన బంతి పోస్టు లోపలి నుంచి దూసుకొచ్చి సరిగ్గా ఆ కుట్టుకు తగిలింది. నేను ఉలిక్కిపడి వెనక్కి పడ్డాను, దారం నా చేతిలోనే ఉంది. సర్రున కుట్టంతా విడిపోయి, బంతి సందులోంచి బయటికి దొర్లింది. దూరం నుంచి చూసిన వాళ్లకు అది పోస్టు పక్కగా బయటికి పోయినట్టే ఉంది. మావాళ్లు "బయటికి! బయటికి!" అని లేచారు. మిర్యాలగూడ వాళ్లు ట్రాలీల మీది నుంచి దూకారు. డప్పులు ఆగిపోయాయి.

డ్రిల్లు సారు ఈల చేత పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

"ఎవరు చూశారయ్యా? చూసినోళ్లు లోపలికి రండి."

ఒక్కరూ కదల్లేదు. నేను లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ చెప్పలేను. బహుశా చూసింది నేనొక్కదాన్నే అన్న గర్వం కావచ్చు. దారాన్ని పిడికిట్లో ఉండచుట్టి, గీత దాటి, "గోలే సారూ. లోపలికొచ్చి, కుట్టు ఇడిసి బయటికొచ్చింది" అన్నాను.

"సావుకారి బిడ్డ, సొంతూరు ఓడేటట్టు అబద్ధం ఎందుకు చెబుద్ది?" అని డ్రిల్లు సారు ఈల ఊదాడు. గోలు. మావాళ్లెవరూ నన్నొక మాట అనలేదు. కొందరు నా తల కూడా నిమిరారు.

అయిదు నిమిషాలకు ఆట ముగిసింది. మేం ఓడిపోయాం. ఓడిన జనానికి ఒక మనిషి కావాలి, దొరికాడు.

"కుట్టు ఎట్ల ఇడిసింది? గీ ఎల్లయ్య అత్తగారిది మిర్యాలగూడనే గదా!"

ఎవరన్నారో తెలియదు. క్షణంలో ఎల్లయ్య చుట్టూ గుంపు కట్టారు. మిర్యాలగూడ చేతికి అమ్ముడుపోయాడన్నారు, కావాలనే ముడి వేయలేదన్నారు. అతని రుమాలు ఊడి కింద పడింది, ఎవరో దాన్ని తొక్కారు. "ముడేసిన సారూ, ప్రతి కొసకు ముడేసిన. నా బిడ్డల మీద ఒట్టు" అంటున్నాడు. ఆ మాట పూర్తికాకముందే చెంప మీద దెబ్బ పడిన చప్పుడు వినిపించింది.

డ్రిల్లు సారు గుంపును తోసుకుంటూ వెళ్లి అడ్డం నిలబడ్డాడు. మళ్లీ అదే మాట అడిగాడు.

"ముడి ఎవరైనా విప్పారా? చూసినోళ్లుంటే గీత దాటి వచ్చి చెప్పండి."

గీత నా కాలి వేళ్లకు జానెడు దూరంలో ఉంది. ఇందాక దాటిన గీతే. దారం పిడికిట్లో చెమటకు తడిసి వేలికి చుట్టుకుంది. నాన్న కొడతారన్న భయం కాదు, ఆయన ఎప్పుడూ నామీద చెయ్యి చేసుకోలేదు. ఇందాక తల నిమిరిన ఆ చేతులన్నీ నావైపు తిరుగుతాయని భయం. సారు అటూ ఇటూ చూశాడు. నేను నేల చూశాను. నాన్న వచ్చి నా జబ్బ పట్టుకుని "నడువ్ ఇంటికి" అన్నారు. నడిచాను.

మర్నాడు నాన్న ఎల్లయ్యను మిషను మీద నుంచి తీసేసి బస్తాలు మోసే పనిలో వేశారు. అతను ఒక నెల మోశాడు. తరువాత మేళ్లచెరువు వైపు సున్నపురాయి లారీల మీద పనికి పోయాడని విన్నాను. కొన్నేళ్లకు చనిపోయాడని కూడా విన్నాను. ఆ నెల రోజులూ నేను మిల్లు గడప తొక్కలేదు.

మొన్నటి మ్యాచ్‌లో కూడా ఒక గొడవ వచ్చింది. బంతి అడ్డకడ్డీకి తగిలి కింద పడింది, గీత లోపలా బయటా తేలలేదు. రెఫరీ మెట్ల వైపు తలైనా తిప్పకుండా కాదని చెయ్యి ఊపాడు. జనం ఒక్క నిమిషం అరిచారు, ఫోన్లలో వెనక్కి తిప్పి చూసుకున్నారు, మైకు కుర్రాడు ఇంకో పాట పెట్టాడు, మరిచిపోయారు. అంతమంది చూశాం, మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. రెఫరీ ఎవరో, ఏ ఊరివాడో, అతని అత్తగారిల్లు ఎక్కడో ఎవరికీ తెలియదు. ఆట అయ్యాక ఏ భయమూ లేకుండా బైకెక్కి పోయాడు. అది చూసి నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

మనవరాలు బూట్లు విప్పుతూ నా పక్కన కూలబడింది.

"అమ్మమ్మా, మీ చిన్నప్పుడు గిట్ల కాదంట గదా? రెఫరీ జనాన్ని అడిగి, వాళ్ల మాట నమ్మెటోడంట. అమ్మ చెప్పింది."

వాళ్లమ్మకు చెప్పింది నేనే. మక్కకంకులూ, డప్పులూ, 'అండీ'లూ అన్నీ చెప్పాను. ఎన్నోసార్లు చెప్పాను.

"నమ్మిన్రు బిడ్డా" అన్నాను. "పదేండ్ల పిల్లను, ఒక్క మాట చెప్తె నన్ను నమ్మిన్రు. ఎల్లయ్య బిడ్డల మీద ఒట్టేసి చెప్పినా ఒక్కరు నమ్మలే."

బూటు చేతిలో పట్టుకుని అది నా మొహంలోకి చూసింది.

"ఎల్లయ్య ఎవరు అమ్మమ్మా?"