సుహాసిని చెప్పిన సాక్ష్యం

2023 ఫిబ్రవరి, మిర్చి కోతల రోజులు. ప్రత్తిపాడు దగ్గర ఒక చర్చి సంఘం నడిపే పిల్లల హోమ్‌లో నేను కౌన్సిలర్‌ని. కిటికీలు మూసినా ఘాటు ఆగేది కాదు. పిల్లలూ నేనూ తుమ్ముకుంటూనే మాట్లాడుకునేవాళ్ళం.

పదకొండేళ్ళ సుహాసిని అప్పటికి ఏడాదిగా మా దగ్గరుంది. మారుతండ్రి కొడితే ఎడమచెయ్యి విరిగింది, వంకరగా అతుక్కుంది. తల్లి ఆసుపత్రి వరండాలో వదిలేసి మళ్ళీ రాలేదు. మా పనిలో ‘ట్రస్ట్ బిల్డింగ్’ అంటాం. అంటే బిడ్డకు నమ్మకం కుదిరేదాకా ఏమీ అడక్కుండా పక్కన కూర్చోవడం. ఆ పిల్లతో నెలల తరబడి చింతగింజలు ఆడాను. ఆడుతూ ఆడుతూ ఒకరోజు తనే నోరు విప్పింది.

అంతలో ఆ మారుతండ్రి బాప్తిస్మం తీసుకున్నాడు. మా పాస్టరు గారి సంతోషం అంతా ఇంతా కాదు. ఆదివారం అతను సాక్ష్యం చెప్పాలి, అంటే తన బతుకు ఎలా మారిందో సంఘం ముందు నిలబడి చెప్పుకోవాలి. తర్వాత సుహాసిని లేచి ‘క్షమించాను నాన్నా’ అని అతనితో ఇంటికెళ్ళాలి. ఇదీ ఆయన ఏర్పాటు. వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. కుదరదన్నాను.

“దేవుడే క్షమించినవాణ్ణి మనం ఆపడమేంటమ్మా?” అన్నారు.

“క్షమించాడు, సంతోషం. పిల్లను పంపమని దేవుడు చెప్పలేదుగా అయ్యగారూ. అది తేల్చాల్సింది ప్రభుత్వం వేసిన చైల్డ్ వెల్ఫేర్ కమిటీ. వాళ్ళ ఆర్డర్ లేకుండా గేటు దాటనివ్వను.”

“అతనికి మాటిచ్చేశాను. సంఘంలో నా పరువేం కావాలి?”

“పోతే పోనివ్వండి. పిల్ల చెయ్యి ఇంకోసారి విరగడానికి వీల్లేదు.”

ఆ సాయంత్రం సుహాసిని నా దగ్గరకొచ్చింది. “అక్కా, క్షమించకపోతే దేవుడికి కోపమొస్తదంటగా? క్షమిస్తే ఇంటికెళ్ళాలంటగా?”

 ఎవరు చెప్పారో అడగలేదు. “అవి రెండూ వేరువేరమ్మా. క్షమించడం నీకూ దేవుడికీ మధ్య సంగతి, నీకు చేతనైనప్పుడు. ఇంటికి మాత్రం నీకిష్టం లేకుండా పంపకుండా చూసే పూచీ నాది. రేపు ఆరాధనకి రాకపోయినా పర్లేదు.”

“వస్తా. నువ్వు పక్కనే ఉండు.”

ఆదివారం అతను ఏడుస్తూ సాక్ష్యం చెప్పాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. పాస్టరు గారు మా వైపు చూశారు. నేను లేవబోతుంటే సుహాసిని నా చెయ్యి వదిలించుకుని తనే లేచింది.

“నేనింకా క్షమించలేదు నాన్నా. ప్రార్థన చేసుకుంటున్నా. క్షమించినా ఇంటికి రాను.”

 అతను తల వంచుకున్నాడు. పాస్టరు గారు “కూర్చో తల్లీ” అన్నారు. ఆ తర్వాత పంపమన్న మాట ఎత్తలేదు. కమిటీ కూడా ఆ పిల్లను అడిగి మా దగ్గరే ఉంచింది.

అతను నిజంగానే మారి ఉండొచ్చు. నాకు తెలీదు, తేల్చడం నా పనీ కాదు. ఆ తర్వాత ‘పిల్ల తండ్రి మారాడు’, ‘తల్లి మారింది’, తీసుకెళ్తామంటూ చాలామంది బంధువులు వచ్చారు. అందరికీ ఒకే మాట చెప్తాను: మారితే మంచిదే. పిల్ల రానంటే మాత్రం రాదు.