మా ఆవిడ ముక్కు కోసం ఒక తీగ గులాబీ

మా ఎర్రగుంట్ల అంగట్లో తక్కెడ నాది, ముక్కు మా ఆవిడది. ధనియాల మూట మూతి విప్పితే చాలు, అది వానకు తడిసి ఎండిన సరుకో, నిజంగా కొత్త సరుకో ఆమె చెప్పేసేది. శనగనూనె డబ్బా లారీ దిగకముందే "ఇది పాతది, వెనక్కి పంపు" అనేది. ఇంగువ వ్యాపారి మా అంగడికి వచ్చేటప్పుడు మాత్రం మంచి ఇంగువ వేరే సంచిలో తెచ్చుకునేవాడు. జంక్షన్‌లో ఆగిన గూడ్సు బండిలో ఏ పెట్టెలో మిరపకాయలున్నాయో ఇంట్లో కూర్చునే చెప్పిందని నేను అందరికీ చెబుతుంటాను. అది పూర్తి అబద్ధమేమీ కాదు. గూడ్సు బండి నిజం.

అప్పట్లో ఊరందరికీ వచ్చిన జ్వరమే ఆమెకూ వచ్చింది. ఆ జ్వరం తిరిగి పోయేటప్పుడు ఆమెకు వాసన తెలిసే గుణాన్ని కూడా మూటగట్టుకుని పోయింది. కొన్నాళ్ళకు దానంతట అదే వస్తుందన్నారు. రాలేదు. ఆమె అంగట్లోకి రావడం మానేసింది.

"వాసన తెలియనిదాన్ని, గల్లాపెట్టె ముందర కూర్చుని ఏం చేయాల? ఈగలు తోలుకోవాల్నా?" అంది.

ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేది. ఆమె లేని అంగట్లో నేను కొన్న సరుకు సంగతి ఇక్కడ రాయను. అందరూ చదువుతారు.

ప్రొద్దుటూరులో ఒక డాక్టరుకు చూపించాం. లవంగం, నిమ్మకాయ, నీలగిరి తైలం, గులాబీ, ఈ నాలుగూ పొద్దునా సాయంత్రం వాసన చూస్తూ ఉండాలని, ముక్కుకు మళ్ళీ ఓనమాలు దిద్దించినట్టు అని చెప్పాడు. మొదటి మూడూ అంగట్లోనే ఉన్నాయి. గులాబీలు రోజూ కొనుక్కోమన్నాడు. అంగడి నడిపేవాడెవడైనా ఒక వస్తువును రోజూ చిల్లరగా కొంటాడా? మా ఇళ్ళలో ఏదైనా టోకున రావాల్సిందే. నేను చెట్టునే కొన్నాను.

మొక్కలమ్మే ఆటోవాడు మా వీధిలోకి వస్తే, వాసన బాగా ఉండే గులాబీ కావాలన్నాను. "ఇది తీసుకో సామీ, తీగ గులాబీ. పూసిందంటే వీధి వీధంతా ఘుమఘుమే" అన్నాడు. అబద్ధాల్లో ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, ఎదుటివాడి అబద్ధాన్ని పసిగట్టలేకపోయాను. చెప్పిన తీరు అంత బాగుంది మరి.

మా ఇంటి పక్క ఉన్నది బారెడు జాగా. దానికి కడప బండలు నిలువుగా పాతిన కంచె. ఎండాకాలంలో ఆ బండల మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చు. నేను కాల్చాను కూడా, ఒక పక్కే కాలింది, రెండో పక్కకు పొద్దు గుంకింది. చిగుళ్ళు బండకు తగిలి మాడిపోతుంటే, అంగట్లోని ఖాళీ గోనెసంచులు తెచ్చి బండలకు చుట్టాను. చాన్నాళ్ళు మా గులాబీ కందిపప్పు సంచి కట్టుకుని బతికింది.

తర్వాత సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము. మా ఊళ్ళో అన్నిటి మీదా అది పడుతుంది, దానికి మొక్కా మనిషీ తేడా లేదు. ఆకులు కడుగుదామని నేను రోజూ నీళ్ళు చల్లాను. ఆ దుమ్ము కడుక్కుపోలేదు సరికదా, నీళ్ళు తగిలి ఆకుల మీద పొరలాగా గట్టిపడింది. ఎదురింటి మేస్త్రి, ఊళ్ళో సగం ఇళ్ళు కట్టినవాడు, కంచె మీదుగా చూశాడు.

"ఏమప్పా శెట్టీ, చెట్టుకు ప్లాస్టరింగు చేయిస్తాండావా?"

"నీళ్ళు పోస్తాండా, అంతే."

"బాగుండాది. ఇంకో వారం ఇట్లే పట్టు. క్యూరింగు బాగా అయితే దీనిపైన ఇంకో అంతస్తు లేపచ్చు."

ఆ మాటతో నీళ్ళు చల్లడం మానేసి తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడవడం మొదలుపెట్టాను. నా పిల్లల మొహాలు కూడా నేనెప్పుడూ అంత శ్రద్ధగా తుడవలేదని మా ఆవిడ పడుకున్నచోటి నుంచే అంది.

అయినా చెట్టు లేచింది. కంచె దాటింది, కిటికీ పైన సజ్జ పట్టుకుంది, పక్కింటివాళ్ళ డిష్ దాకా పోయి దాన్ని కౌగిలించుకుంది. ఆ ఇంట్లో సీరియల్‌లో అత్త మొహం కొన్నాళ్ళు గులాబీ రంగులో వచ్చిందని అంటారు. అంటారు అంటే నేనే అంటాను. ఆ ఉత్సాహంలో, పువ్వు ఇంకా విచ్చకముందే, మా గులాబీ వాసనకు సిమెంటు లారీలు మా వీధిలో నెమ్మదిగా పోతున్నాయని అందరికీ చెప్పేశాను. లారీలు నెమ్మదిగా పోయేది గుంతల వల్ల.

ఒక పొద్దున గుత్తులు గుత్తులుగా పూసింది. నేనే ముందు వెళ్ళి ముక్కు పెట్టాను. ఏమీ లేదు. ఇంకోటి చూశాను, ఇంకోటి. కాగితంతో చేసిన పువ్వుకూ దీనికీ తేడా ముళ్ళే. ఇంతలో వీధిలోని ఆడవాళ్ళు వచ్చారు. నేను ముందే చెప్పి ఉంచాను కాబట్టి, ఒకరి తర్వాత ఒకరు కళ్ళు మూసుకుని "అబ్బా, ఏం వాసన" అన్నారు. మేస్త్రి అయితే వాసన తన ఇంట్లో దాకా వస్తోందన్నాడు.

మా ఆవిడ లేచి వచ్చింది. గుత్తిని రెండు చేతుల్లోకి తీసుకుని మొహం దాంట్లో పెట్టి చాలాసేపు అట్లే నిలబడింది. ముక్కుకు చిన్న ముల్లు గీరుకుంది కూడా.

"అందరికీ వస్తాండాది. నాకే లేదు," అంది. "ఆ లవంగాలు, ఆ తైలం తీసుకుపోయి అంగట్లో పెట్టెయ్. ఇంక నాకొద్దు."

"మే, ఈ పువ్వుకు వాసన లేదు. ఒట్టు. ఆటోవాడు మోసం చేసినాడు," అన్నాను.

"నన్ను సముదాయించేదానికి చెప్తాండావు."

నా జీవితంలో అంత శుద్ధమైన నిజం ఎప్పుడూ చెప్పలేదు. దాన్ని కూడా నా అబద్ధాల పద్దు కింద రాసేసింది. నిజంతో పని జరగదని తేలిపోయాక, నాకు వచ్చిన విద్యే మిగిలింది. ఆ మధ్యాహ్నం బస్సెక్కి కడపకు పోయాను.

దర్గా దగ్గర ఒక అత్తరు అంగడి. ముసలాయన సీసాల మధ్య కూర్చుని ఉన్నాడు.

"ఎవరికి సామీ, మీకా, ఇంట్లో అమ్మకా?"

"చెట్టుకు," అన్నాను.

ఆయన రెండు వరసల సీసాల వైపూ చెయ్యి చూపించాడు. "చెట్టు మగదా, ఆడదా?"

"గులాబీ చెట్టు."

"గులాబీకి గులాబీ అత్తరా? అల్లా ముందే పెట్టి పంపించలేదా సామీ?"

"మాకు పంపించింది ఆటోవాడు."

ఆయన నవ్వి, ఒక్కో సీసా తీసి నా చేతి వెనక రాశాడు. చెయ్యి నిండిపోతే మోచెయ్యి, మోచెయ్యి అయిపోతే రెండో చెయ్యి. కొంతసేపటికి నా ముక్కుకు అన్నీ గులాబీలే. ఆయన బేరగాళ్ళతో మాట్లాడుతుంటే నాకు బాగా నచ్చిన సీసా, పేరు కూడా అడక్కుండా, నేనే చూపించి కట్టించుకున్నాను. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు, మూడు సీట్లలో కాళ్ళు చాపుకుని వచ్చాను.

మరుసటి పొద్దున ఆమె లేవకముందే గుత్తి గుత్తికీ దూదితో అత్తరు అద్దాను. తర్వాత వీధివాళ్ళను పిలిచాను. మేస్త్రి గట్టిగా పీల్చి, "నిన్నటికంటే ఈ పొద్దు గులాబీ బాగా ముదిరినాది," అన్నాడు. ఆడవాళ్ళంతా అవునన్నారు. సిమెంటు ఊరి ముక్కులు మావి, లోపల సున్నం కొట్టి ఉంటాయి.

మా ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఇష్టం లేకుండానే వంగింది. వంగినది లేవలేదు. ఇంకోసారి పీల్చింది. నొసలు ముడిపడింది.

"ఇది గులాబీ కాదు," అంది.

ఇంకో గుత్తి పట్టుకుని చూసింది.

"వట్టివేరు. కూలరుకు కట్టే తడక తడిసినట్టుండాది." మళ్ళీ వాసన చూసి, నా వైపు తిరిగింది. "ఏం పోసినావయ్యా దీనికి?"

నేను నోరు తెరిచాను. నాకు అబద్ధం రాలేదు, అదే మొదటిసారి. మా ఆవిడ మేస్త్రిని, ఆడవాళ్ళను వరసగా చూసింది. "మీకు గులాబీ మాదిరి ఉండాదా ఇది? రేపు మా అంగట్లో పేడ కూడా బెల్లమని కొంటారు మీరు," అంది. అందరి ముందూ నన్ను అబద్ధాలకోరని, దొంగసచ్చినోడని తిట్టింది. తిడుతూ తిడుతూ మళ్ళీ ఆ గుత్తిలోనే మొహం పెట్టింది. ఈసారి బయటికి వచ్చేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. ముల్లు గీరుకుందేమోనని చూశాను. గీరుకోలేదు.

అక్కణ్ణుంచి నేరుగా అంగట్లోకి నడిచింది. నిమ్మకాయ తెలియలేదు. లవంగం దూరంగా, పక్కవీధిలో ఉన్నట్టు తెలిసింది. ఇంగువ డబ్బా మూత తీసి, "ఇది ఎవరు కొన్నారు?" అంది. నేనే అన్నాను. "ఇది ఇంగువ కాదు, పిండి," అంది. అంత చల్లని మాట నేను చాన్నాళ్ళుగా వినలేదు. ఒక్కో మూట విప్పించి, ఒక్కో దానికీ నన్ను తిట్టింది. నేను మోస్తూ ఉన్నాను.

సాయంత్రం మేస్త్రి కంచె దగ్గర నిలబడి పీలుస్తున్నాడు.

"ఏమప్పా శెట్టీ, ఇప్పుడు చెట్టుకు వాసన లేదే."

"దీనికి ఫస్ట్ షిఫ్టే మేస్త్రీ," అన్నాను.

ఆయన అర్థమైనట్టు తలూపి ఇంట్లోకి పోయాడు. అంగట్లో నుంచి మా ఆవిడ కేకేసింది. వెనక ఇంకా రెండు మూటలున్నాయట.