చెవి మావయ్య సొంత గోడ

చెవి మావయ్యకు ఉన్నది ఒకటే జబ్బు: గోడ కనిపిస్తే చెవి ఆనించాలి. నీళ్ల ఆఫీసులో ముప్పై ఏళ్లు, ఇనుప చువ్వ ఒక కొస రోడ్డు మీదా, రెండో కొస చెవికీ పెట్టి, భూమిలో పైపు ఎక్కడ కారుతోందో చెప్పిన మనిషి. ఆయన రిటైరయ్యాడు గానీ ఆ చెవి రిటైరవలేదు. జ్వరంతో పడుకున్నవాళ్లను చూడటానికి వెళ్లినా, ఒంట్లో ఎలా ఉందని అడిగి, జవాబు వినకుండానే మీ వంటింటి గోడలో పైపు కారుతోందనేవాడు.

ఆ మూడంతస్తుల బిల్డింగులో ఆయన చెవి పడని గోడ లేదు. కొత్తగా దిగిన దంపతులు ఒకరోజు తలుపు తీసేసరికి బయట గోడకు అతుక్కుని ఉన్నాడు.

"మీ గొడవ నాకెందుకమ్మా, కాస్త ఆపితే పైపు వినపడుతుంది" అన్నాడట. అది విని ఆయన భార్య, అందరికీ అత్తయ్య, సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరి చెరువు అడుగంటింది. మూడు రోజులకోసారి గంటసేపు నీళ్లు వదులుతుంటే, బిల్డింగు ట్యాంకు ఒక్కరోజుకే ఖాళీ. కింది వాటాలో బట్టలుతికి ఇస్త్రీ చేసే ఆవిడ మీద పడ్డాయి అందరి కళ్లూ. ఒక్క బిందె కూడా ఎక్కువ వాడటం లేదని ఆవిడ మొత్తుకున్నా ఎవరూ వినలేదు. బుధవారానికి ఆవిడ కొళాయి తీసేయాలని మీటింగులో తేల్చేశారు. కొళాయి పోతే ఆవిడ బతుకుతెరువు పోయినట్టే.

మావయ్య చువ్వ పట్టుకుని రెండు రోజులు మెట్లెక్కుతూ దిగుతూ తిరిగాడు. మంగళవారం మధ్యాహ్నం ఆయన స్నానాల గదిలోంచి దబదబా చప్పుళ్లు. అందరూ పరుగెత్తి చూస్తే, సుత్తీ ఉలీ పట్టుకుని సొంత గోడే బద్దలు కొడుతున్నాడు.

"కారేది మా పైపే. బాగుచేసేస్తున్నాను" అన్నాడు తల వంచుకుని.

ఇక నవ్వులే నవ్వులు. ఊరి గోడలన్నీ విని సొంత గోడ వినలేదన్నమాట! అయినా ఆ రోజు నుంచి ట్యాంకు మూడు రోజులూ సరిపోయింది. కింది ఆవిడ కొళాయి జోలికి ఎవరూ పోలేదు.

అత్తయ్యకు మాత్రం తల తీసేసినట్టయింది. సణుక్కుంటూ పెళ్లలు ఊడుస్తుంటే దుమ్ము లేచి తుమ్ములొచ్చాయి. చీపురు ఆగిపోయింది. నీరు కారిన గోడలో ఇంత దుమ్మెక్కడిది? తలుపు వెనక వేలాడుతున్న మొగుడి చొక్కా తడిమింది. జేబులో తుప్పు పట్టిన మేకు, దానికి నీలం తాడు ముక్క. అది కింది ఆవిడ బట్టలారేసే దండెం తాడు.

"దండెం కోసం మేకు తెలియక పైపు మీదే కొట్టుకుంది, పాపం. నీళ్లన్నీ గోడ లోపల్నుంచే భూమిలోకి పోయాయి. నిన్న రాత్రి ఎవరూ చూడకుండా అది పీకి చిల్లు మూసేశాను" అన్నాడు మావయ్య వెనక నుంచి. "ఆ సంగతి వీళ్లకి తెలిస్తే కొళాయి ఉంచుతారా?"

అత్తయ్య మేకును కుట్టు డబ్బా అడుగున దాచేసింది.

మర్నాడు గుమ్మం ముందు ఎదురింటి అమ్మాయి నవ్వుతూ అడిగింది. "మావయ్య చెవి సొంతింట్లో పనిచెయ్యదా అత్తయ్యా?"

"ఆయన్ననకమ్మా. ఆ చప్పుడు నాకెప్పట్నుంచో వినిపిస్తూనే ఉంది. బద్ధకించి నేనే చెప్పలేదు" అంది అత్తయ్య.

లోపల తలుపుకు చెవి ఆనించి నిలబడ్డ మావయ్య, ఆ పూట మాత్రం పైపుల కోసం వినడం లేదు.