కెరటం లేని చోటు

ఆ రోజుల్లో, అంటే నాకింకా పెళ్ళి కాక, రాజమండ్రిలో కొత్తగా గుమాస్తా ఉద్యోగంలో చేరి, సాయంత్రమైతే గోదావరి గట్టు మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చోవడమే పెద్ద ఘనకార్యం అనుకునే రోజుల్లో, మా ఇంట్లో నాకో హోదా ఉండేది. మా వంశంలోకెల్లా పిరికివాణ్ణి. గోదావరి పక్కనే పుట్టి పెరిగినా ఈత రాదు. రేవులో గొలుసు పట్టుకుని రెండో మెట్టు మీదే స్నానం ముగించేవాణ్ణి (మూడో మెట్టు కూడా ఉందని విన్నాను కానీ చూడలేదు). అలాంటిది, వేసవి సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చిన మా అక్క కూతుళ్ళిద్దరూ సముద్రంలో స్నానం చేసి తీరతామని పట్టుబట్టినప్పుడు, పిల్లలకి ప్రమాదం లేని బీచి వెతికే పని నాకే అప్పగించారు. మా బావకి ఇష్టం లేదు. అక్క ఫోన్లో ఆయనకి నచ్చజెబుతుంటే నా చెవిన పడింది. "వాడికి అప్పజెప్పాక మనకి భయం ఎందుకండీ? మనందరి బదులూ వాడే భయపడతాడు." అది మెప్పో తిట్టో తేల్చుకోలేక, మెప్పే అనుకుని పనిలోకి దిగాను.

మొదట ఫోన్లో వెతికాను. మన వైపు బీచిల గురించి జనం రాసిన అభిప్రాయాలన్నీ చదివాను. ఒకాయన బీచి సూపర్, బజ్జీలు వేడిగా ఉన్నాయి అని రాసి అయిదు నక్షత్రాలూ ఇచ్చేశాడు. ఇంకొకావిడ పార్కింగు బాగాలేదని ఒక్కటే ఇచ్చింది. నీళ్ళలో దిగినవాళ్ళ సంగతి మాత్రం ఎవరూ రాయలేదు (దిగినవాళ్ళు రాసే స్థితిలో లేరేమోనన్న అనుమానం వచ్చి ఆ వేళ అన్నం సహించలేదు). ఇక లాభం లేదని సెలవు దొరికినప్పుడల్లా బండేసుకుని తీరం వెంట తిరిగాను. కాకినాడ దాటాక ఒక చోట ఒడ్డు కోసుకుపోయి ఇసక బదులు బండరాళ్ళున్నాయి. కోనసీమలో ఒక చోట గోదావరి కలిసే దగ్గర బురద మోకాలి దాకా దిగబడింది. ఇంకో చోట పోలీసులు పెట్టిన బోర్డు మీద పుర్రె బొమ్మ ఉంటే బండి స్టాండు కూడా వెయ్యకుండా వెనక్కి తిప్పాను. అద్దె ఇల్లు వాకబు చేసినట్టు ఊరూరా అడిగేవాణ్ణి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని, ఇక్కడ పిల్లల స్నానానికి బావుంటుందాండీ అని అడిగితే, ఆయన సముద్రం వైపు ఒకసారి చూసి, "ఏ పూటకా పూటేనండి" అన్నాడు. అది ఒప్పుకోవడమో కాదనడమో తెలియక ఆయనకో దణ్ణం పెట్టి వచ్చేశాను.

చివరికి దొరికింది. ఆ ఊరి పేరు చెప్పను, పాపం దాని తప్పేమీ లేదు. గోదావరి వాళ్ళకి నీళ్ళ గురించి ఒక లెక్క ఉంటుంది. ఎర్రగా పొంగి పరిగెత్తే నీళ్ళు చెడ్డవి, సుడి తిరిగే నీళ్ళు ఇంకా చెడ్డవి, కదలకుండా నున్నగా ఉన్నవి మంచివి. నాకు నడక వచ్చిన నాటి నుంచీ చెవిలో పోసిన పాఠం అది. ఆ ఊరి ఒడ్డున అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరిగిపడుతున్నాయి, ఆ చప్పుడుకే రెండడుగులు వెనక్కేశాను. కానీ రెండింటి మధ్య, రోడ్డంత వెడల్పున, ఒక్క కెరటం కూడా లేకుండా నీళ్ళు నల్లగా నున్నగా ఉన్నాయి. సముద్రమంతటికీ ఇంత బుద్ధిగా ఉన్న చోటు ఇదొక్కటేనని పొంగిపోయాను.

మర్నాడే కారు మాట్లాడుకుని బయల్దేరాం. అమ్మ, అక్క, పిల్లలిద్దరూ, నేను, నాతోపాటు మా నూతి చేంతాడు. పిల్లల నడుముకి కట్టి రెండో కొస నేను పట్టుకుందామని నా ఏర్పాటు. అమ్మ కడియపులంకలో కారాపించి సంచీడు బంతిపూలు కొంది. ఎందుకమ్మా అంటే, "గోదారమ్మ అత్తారిల్లురా అది. మన పిల్లనిచ్చిన ఇంటికి వట్టి చేతుల్తో ఎలా వెళ్తాం?" అంది. గోదావరిలో దిగేముందు పసుపూ కుంకుమా పూలూ వెయ్యందే ఆవిడ పాదం తడపదు, వియ్యాలవారింట్లో ఆ మర్యాద తగ్గకూడదని ఆవిడ పట్టుదల. ఒడ్డుకి చేరాక పెద్ద మేనకోడలు చేంతాడు చూసి, మేమేమన్నా దూడలమా మావయ్యా అని మూతి ముడిచింది. దానికి పదేళ్ళు, హైదరాబాదులో ఏదో కొలనులో ఈత నేర్చుకుంది, దాని దృష్టిలో సముద్రం కూడా ఓ పెద్ద కొలను. నున్నటి నీళ్ళు చూపించి అక్క కూడా నవ్వేసరికి, తాడు తీసి కార్లో పడేశాను. అక్క చిన్నదానితో ఇసకలో ఇల్లు కట్టడం మొదలెట్టింది. పెద్దది నడుము లోతులో ఎగురుతోంది. నేను మోకాలి లోతులో, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని నిలబడ్డాను.

అమ్మ కాస్త అవతల, కెరటాలు విరిగే చోట దణ్ణం పెట్టి దోసెడు పూలు వేసింది. కెరటం వాటిని తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గరే పోసింది. మళ్ళీ వేసింది, మళ్ళీ వెనక్కొచ్చాయి. సారె తిప్పి పంపినట్టు చిన్నబుచ్చుకుని, సంచీ పట్టుకుని మా దగ్గరికొచ్చి మిగిలిన పూలన్నీ నున్నటి నీళ్ళలో కుమ్మరించింది. ఈసారి వెనక్కి రాలేదు. ఒక్కటీ రాలేదు. "చూశావా, ఎంత ప్రీతిగా తీసుకుంటోందో" అని అమ్మ లెంపలు వేసుకుంది. నేను చూస్తున్నాను. నా మోకాలి దగ్గరున్న పువ్వు ఇంకోసారి చూసేసరికి పిల్ల భుజం దాటింది, ఇంకోసారి చూసేసరికి దాన్ని పోల్చుకోలేకపోయాను. పూలన్నీ వరస కట్టి, ఆఖరి బస్సు అందుకోవాలన్నట్టు, నడిసముద్రంలోకి పోతున్నాయి. గాలి కూడా లేదు. నేను మెచ్చి ఎంచుకున్నది నిలవనీరు కాదు, లోపలికి పారే ఏరు. కెరటాలు తెచ్చి పోసిన నీళ్ళన్నీ తిరిగి వెళ్ళే దారి అది. అంతలోనే పెద్దది, అమ్మమ్మా నేను తెస్తానుండు అంటూ పూల వెంట అడుగేసింది.

నేను ఎలా వెళ్ళానో నాకు తెలియదు. నీళ్ళు నా ఛాతీ దాకా వచ్చాయి, దాని మణికట్టు నా చేతికి దొరికింది, అంతే గుర్తు. దాని కాళ్ళు నేలకి అందడం లేదు. దాన్ని ఎత్తి పట్టుకుని ఒడ్డు వైపు తిరిగి అడుగేస్తే పాదం కింద ఇసక జారిపోతోంది, ఎన్ని అడుగులేసినా ఒడ్డు దగ్గరికి రావడం లేదు. ఇంత భయం ఉంటుందని అంతవరకూ నాకు తెలియదు. రోజూ పడే భయమంతా దీని ముందు ఆటలాగే తోచింది. అప్పుడు ఒడ్డు మీంచి అమ్మ గొంతు వినిపించింది. ఆవిడ గోదావరి మధ్య లంకలో పుట్టిన మనిషి, చిన్నప్పుడు బడికి వెళ్ళాలన్నా పాయ దాటాల్సిందే. "ఎదురు రాకురా నాన్నా. అడ్డంగా పో, అడ్డంగా." అడ్డంగా అంటే నేను పొద్దుటి నుంచీ చూడడానికే జంకిన ఆ తెల్లటి కెరటాల్లోకి. కళ్ళు మూసుకుని అటే నడిచాను. మొదటి కెరటం వీపు మీద చరిచింది, రెండోది ఇద్దర్నీ ఎత్తింది, మూడోది అమ్మ పూలని పోసినట్టే మమ్మల్ని తెచ్చి ఇసకలో పోసింది. ముక్కులో, నోట్లో, చెవుల్లో ఇసక. పిల్ల లేచి, కళ్ళు తుడుచుకుని, "మావయ్యా, ఇంకోసారి" అంది.

ఇసక ఇంటి ధ్యాసలో ఉన్న అక్క అప్పుడే తలెత్తి చూసి చప్పట్లు కొట్టింది, తమ్ముడికి ఇన్నాళ్ళకి ధైర్యం వచ్చిందని. అమ్మ ఖాళీ సంచీ ఒళ్ళో పెట్టుకుని ఇసకలో కూలబడిపోయింది. నా వంక చూసింది, నేను ఆవిడ వంక చూశాను. కాసేపటికి లేచి, పిల్లలకి ఆకలేస్తోంది పదండి అంది. (అక్కకి అసలు సంగతి అమ్మే చెప్పింది, ఇంటికి చేరి అందరి భోజనాలూ అయ్యాక. అక్క లేచి వెళ్ళి నిద్రపోతున్న పిల్ల పక్కన పడుకుంది.)

తిరుగు ప్రయాణంలో కార్లో పిల్ల నా పక్కనే కూర్చుంది. దాని మణికట్టు నేనింకా వదల్లేదని నాకే తెలియదు. రావులపాలెం దాటాక అది మెల్లగా, చెయ్యి నెప్పెడుతోంది మావయ్యా అంది. చూస్తే నా వేళ్ళు అచ్చుపడి ఉన్నాయి. చటుక్కున వదిలేశాను. వదిలిన నా చేతి వంక అది కాసేపు చూసింది. వేళ్ళింకా దేన్నో పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. జాలేసిందో ఏమో, జరిగి కూర్చుని తన రెండో చెయ్యి నా చేతిలో పెట్టి, "దీన్ని పట్టుకో. నేనున్నాగా, భయపడకు" అంది. ఇప్పుడది కాలేజీ చదువుకొచ్చింది, ఆ రోజుది తన జీవితంలోకెల్లా గొప్ప స్నానం అని అందరికీ చెబుతుంటుంది. నేను సరిదిద్దను. తడిసిన ప్యాంటుతో, చెవుల్లో ఇసకతో, పదేళ్ళ పిల్ల దయతలిచి ఇచ్చిన చెయ్యి పట్టుకుని రాజమండ్రి దాకా బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త ముద్దుగానూ ఉంటాడు వెధవ.