ఆమె పేరు మీద డ్రాఫ్టు

ఎనభైల మొదట్లో ఒక పొద్దున పళ్ళిపట్టు నుంచి తిరుత్తణి పోయే బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. మస్కట్‌లో తాపీ పని చేస్తున్నానన్నాడు. నేనూ మరుసటి నెల అక్కడికే పోవాల్సి ఉంది. ఇంటికి పంపే డబ్బులో బ్యాంకు కమిషన్ బాగా పట్టుకుంటుందని విని ఉన్నాను.

"ఆ కమిషన్ తగ్గించే దారి ఏమన్నా ఉందా అన్నా?" అని అడిగాను.

"ఉండాది. నెలనెలా పంపకుండా నాలుగు నెలలది కలిపి ఒకే డ్రాఫ్టు తీస్తే ఒక్కసారే పట్టుకుంటారు. నేనట్లే చేసినాను."

కాసేపు కిటికీలోంచి చెరుకు తోటలు చూశాడు. తర్వాత జేబులోంచి కవరు తీసి, అందులోని డ్రాఫ్టు నా చేతికిచ్చాడు. ఒక ఆడమనిషి పేరు మీద ఉంది.

"నా పెండ్లాము. జ్వరమొచ్చినా, మద్రాసు ఆస్పత్రికి పోయేదానికి దుడ్డు లేక ఇంట్లోనే పడుకునిందంట. నేను దిగులు పడతానని జాబు కూడా రాయలేదు. ఇది వచ్చేటప్పటికి ఆమెకు పదకొండో దినం చేస్తా ఉండారు."

డ్రాఫ్టు తిరిగిచ్చాను. ఆయన దాన్ని మడత చెదరకుండా కవర్లో పెట్టుకున్నాడు.

"మస్కట్ బ్యాంకుకే తీసకపోయి రద్దు చేయించాలంట తమ్ముడూ. దానికీ కమిషన్ ఉండాదంట."

తిరుత్తణిలో దిగి రైలు స్టేషన్ వైపు నడిచిపోయాడు. పేరు అడగలేకపోయాను.

మస్కట్‌లో ఉన్న ఆరేళ్ళూ నేను నెలనెలా డబ్బు పంపాను. గదిలో వాళ్ళు నన్ను లెక్క తెలియని వాడనేవారు. ఆయన సంగతి వాళ్ళకెప్పుడూ చెప్పలేదు.