గ్యాలరీ కింద సానరాయి

నోర్‌షో ఊళ్ళో చలికాలం బ్యాండీకి, అంటే మంచుగడ్డ మీద స్కేట్లతో ఆడే బంతాటకు, వెళ్ళే ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక గోధుమరంగు తోలుసంచి ఉంటుంది. ఒకప్పుడు గుమాస్తాలు ఆఫీసుకు పట్టుకెళ్ళిన సంచులే అవి. ఇప్పుడు వాటిలో కాగితాలుండవు. ఫ్లాస్కు నిండా కాఫీ, హామ్ పెట్టిన రొట్టె, దాల్చినచెక్క బన్ను, కింద వేసుకోవడానికి మెత్త, కాఫీలో కలుపుకోవడానికి ఒక చిన్న సీసా. ఆ సీసా సంగతి అందరికీ తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎవరి సంచిలో ఏముందో ఊరంతటికీ తెలుసు, ఒక్క వెండ్లా బ్రోలిన్ సంచిలో తప్ప.

పక్కింటి ఆస్తాకు ముప్పై ఏళ్ళుగా ఇదే దిగులు. అంత బరువు సంచిలోంచి వెండ్లా తీసేది చిన్న ఫ్లాస్కు ఒక్కటే. మిగతా బరువు దేనిది?

"వెండ్లా, చెప్తే నీ సొమ్మేం పోతుందే?"

"చెప్తే నీకు చలికాలం ఎలా గడుస్తుందే ఆస్తా?"

వెండ్లా తండ్రి బిర్గెర్ సామిల్లులో రంపాలకు పదును పెట్టేవాడు. పిల్లలందరూ బొమ్మలతో ఆడుకునే వయసులో ఆమె తండ్రి పక్కన పీటేసుకుని ఆకురాయి చప్పుడు వింటూ కూర్చునేది. చప్పుడు మారితే ఇనుము మాట వింటున్నట్టు లెక్క. ఆ విద్య బడిలో చెప్పరు. పెళ్ళయిన మొదటి చలికాలం భర్త రూనే స్కేట్లు చూసి, "వీటితో ఆడుతున్నావా, వెన్న కోస్తున్నావా?" అని అడిగి తనే సానపట్టింది. ఆ ఆదివారం రూనే రెండు గోల్సు వేశాడు. మర్నాడు గుమ్మం ముందు ఏడు జతల స్కేట్లున్నాయి. తర్వాత క్లబ్బువాళ్ళు గ్యాలరీ కింద ఒక గది తాళంచెవి ఇచ్చారు. అప్పటినుంచి నలభై ఒక్క చలికాలాలు. రూనే పోయి తొమ్మిదేళ్ళయినా గది తెరవడం మానలేదు.

ఆడవాళ్ళకు జట్టు లేని రోజుల్లో పెరిగిన మనిషి. ఒక్క మ్యాచీ ఆడలేదు, సగం మ్యాచీలు చూడనూ లేదు. గది తలుపు వేసుకుని పని చేసుకుంటూ నెత్తిన చెక్కల మీద జనం కాళ్ళ చప్పుడు విని ఆట చెప్పేసేది. అందరూ ఒక్కసారి తొక్కితే గోలు. కాళ్ళు నేలకు రాస్తే మనవాళ్ళు వెనకబడ్డారని అర్థం.

కిందటి ఏడు క్లబ్బు ఒక మిషన్ కొంది. స్కేటు బిగించి మీట నొక్కితే ఒకటిన్నర నిమిషంలో పదును. వెండ్లాకు అరవై తొమ్మిదేళ్ళు, కుడి బొటనవేలు కణుపు వాచింది, గంటకు మూడు జతలు దాటవు. జనం మిషన్ దగ్గరికి వెళ్ళడంలో తప్పేముంది? ఆమె కూడా అలాగే అనుకోవడానికి చాలా ప్రయత్నించింది.

జనవరిలో క్లబ్బు కార్యదర్శి క్రిస్టెర్ టోపీ చేత్తో నలుపుకుంటూ వచ్చాడు. నిక్కర్లేసుకునే రోజులనుంచీ ఆమె సానపట్టిన స్కేట్ల మీద పడుతూ లేస్తూ పెరిగినవాడు.

"వెండ్లా అత్తా, ప్రపంచ పోటీలు వస్తున్నాయి కదా. మనకూ ఒక మ్యాచీ ఇచ్చారు. అదయ్యాక సోమవారం... ఆ గది సాసేజీల అంగడికి కావాలంటున్నారు కమిటీవాళ్ళు."

"కమిటీలో నువ్వు లేవా?"

"ఉన్నాను."

"మరి 'వాళ్ళు' అంటావేం? 'మేం' అను. పళ్ళు రాలిపోవులే." అని కాఫీ పోసింది. "సోమవారం తాళంచెవి తెచ్చిస్తాను. నా అంతట నేనే తెస్తాను, నువ్వు రావద్దు."

ఇచ్చేస్తానని అయితే అంది. ఆ రాత్రి నుంచి ఆ తాళంచెవి జేబులో రాయిలా బరువెక్కింది.

పెద్ద దేశాల ఆటలన్నీ పట్నంలో పైకప్పున్న మైదానంలో. రెండో వర్గంలో మంగోలియా, హంగేరీ మ్యాచీ మాత్రం నోర్‌షోకు వచ్చింది, శనివారం ఒంటిగంటకు. ఊరికి అదే పండగ. బడిపిల్లలు రెండు దేశాల జెండాలూ రంగులేశారు. ఒకచోట రంగులు తారుమారైతే ఆస్తా వెళ్ళి సరిచేయించింది.

ఆ పొద్దున ఎనిమిదింటికి మంగోలియా జట్టు సాధనకు దిగింది. మైనస్ పద్నాలుగు చలి, మంచుగడ్డ అద్దంలా ఉంది. అప్పటికే రెండొందలమంది సంచులతో చేరారు. దిగిన కుర్రాళ్ళు దిగినట్టే పడుతున్నారు. మలుపు తిరగబోతే స్కేటు గడ్డలో దిగబడి ఆగిపోతోంది, మనిషి ముందుకెళ్ళిపోతున్నాడు. గులాబీరంగు బంతి దాని దారిన అది పోతోంది. జనం జాలిపడి చప్పట్లు కొట్టారు.

"పాపం, అంతదూరం నించి వచ్చారు. గుర్రాల మీదైతే బాగా చేసేవాళ్ళేమో," అన్నాడు వెనక వరసలో ఒకాయన.

"నోరు ముయ్యవయ్యా! నిన్ను గుర్రం ఎక్కిస్తే తెలుస్తుంది," అంది ఆస్తా.

వెండ్లా మనుషుల్ని చూడట్లేదు. గడ్డ మీద గీతల్ని చూస్తోంది. బ్యాండీ స్కేటుకు కిందంతా దాదాపు చదునుగా ఉండాలి, నున్నగా జారిపోవాలి. అలాంటి స్కేటు ఒక వెడల్పు చార వదులుతుంది. ఇక్కడ ప్రతి అడుగుకూ సన్నటి జంటగీతలు, రైలు పట్టాల్లాగా. అంటే మధ్యలో లోతు గాడి. అది హాకీవాళ్ళ పదును.

ఆమె కంచె పట్టుకుని పిలిచింది. "క్రిస్టెర్! వీళ్ళ స్కేట్లు ఎవరు నూరారు?"

"మనమే అత్తా. నిన్న సాయంత్రం మిషన్ మీద, పదహారు జతలూ. ఏం?"

"దానికంటే ముందు ఆ మిషన్ మీద ఎవరివి నూరారు?"

క్రిస్టెర్ ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ ముఖంలో రంగు దిగిపోయింది. "గురువారం హాకీ పిల్లలవి... రాయి మార్చలేదు."

ఊరంతా బ్యాండీయే ఊపిరిగా బతుకుతున్న చోట, అతిథుల కాళ్ళకు హాకీ పదును పెట్టి పంపారు! పైగా జాలిపడి చప్పట్లు కూడా కొట్టారు. క్రిస్టెర్ తల పట్టుకున్నాడు. "ఇప్పుడెలా అత్తా? ఒంటిగంటకు మ్యాచీ."

వెండ్లా మనసులో లెక్క వేసుకుంది. గాడి పోవాలంటే చాలా ఇనుము తీయాలి. చేత్తో అయితే జతకు గంట. పదహారు జతలు అర్ధరాత్రికి గానీ కావు. ఒక్క క్షణం ఆమెకు 'చూశారా మీ మిషన్' అనాలనిపించింది. నోటిదాకా వచ్చింది. ఆ గడ్డ మీద మోకాలు పట్టుకు కూర్చున్న కుర్రాణ్ణి చూసి మింగేసింది.

"ఆ మిషన్‌కి చదును రాయి ఉందా?"

"ఉంది. పెట్టెలోంచి తీయనే లేదు."

"తీసి బిగించు. మిషన్ని నా గదికి మోసుకురా. దానికి బలముంది, చూపు లేదు. నాకు చూపుంది, బలం లేదు. గాడి అది తీస్తుంది, పదును నేను పెడతాను."

నలుగురు పట్టి మోసుకొచ్చారు. గది అసలే చిన్నది, మిషన్ రాగానే కాలు పెట్టే చోటు లేదు. మంగోలియా కెప్టెన్ చులూన్ స్కేట్ల గంపతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చదువుకోసం రెండు చలికాలాలు ఈ దేశంలో ఉన్నవాడు, మాట బాగానే వచ్చు. సంగతి విని తిట్టలేదు. "మేము మా కాళ్ళే మరిచిపోయాం అనుకున్నాం. రాత్రి ప్రయాణం వల్లనేమో అని ఒకరినొకరు తిట్టుకున్నాం," అన్నాడు.

"ఆ కొట్లాట దాచుకోండి, హంగేరీవాళ్ళకు పనికొస్తుంది. ఇలా కూర్చో బాబూ. ఈ జత ఎవరిది? ఏ కాలు మీద ఎక్కువ ఒరుగుతాడు?"

అతను ఒక్కొక్క జతా అందిస్తూ చెప్పసాగాడు. వీడు ఎడమవైపు బరువు. వీడు కార్నరు దగ్గర ఆగి కొడతాడు. వీడు ఆగనే ఆగడు, ఆపడం రాదు. వెండ్లా తోలుసంచి తెరిచి, ఉన్నిమేజోడులో చుట్టిన పొడుగాటి నల్లరాయి తీసింది. అప్పుడే వేడి కాఫీతో లోపలికొచ్చిన ఆస్తా గుమ్మంలోనే ఆగిపోయింది.

"రాయా?" అంది. "ముప్పై ఏళ్ళు నాకు నిద్ర లేకుండా చేసింది రాయా!"

"మా నాన్నది. మేజోడు రూనేది."

"నేను బంగారమో, ప్రేమలేఖలో అనుకున్నానే!"

"ప్రేమలేఖలకు ఇంత బరువుంటుందా? కాఫీ అక్కడ పెట్టి గుడ్డ పట్టుకో. తుడిచి ఇస్తూ ఉండు."

క్రిస్టెర్ మిషన్ మీద గాడి తీసేవాడు, ఆమె రాయి మీద పదును పెట్టేది. ప్రతి బ్లేడునూ బొటనవేలి గోటి మీద తేలిగ్గా లాగి చూసేది. గోటినుంచి పిండిలా పొట్టు లేస్తేనే సరే అనేది. మొదట్లో క్రిస్టెర్ చేతివేగాన్ని ఆమె అందుకోలేకపోయింది. పదో జతకు కణుపు సలపడం మొదలైంది. పన్నెండో జతకు రాయి జారి నేల మీద పడింది. ఆస్తా వంగి తీసిచ్చింది. రాయి చివర చిన్న పెచ్చు లేచింది, అంతే.

చులూన్ ఆమె చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని వేడెక్కేదాకా రుద్దాడు. "మా దేశంలో నానమ్మల్ని ఎమే అంటాం. ఎమే, ఒక నిమిషం ఆగు." జేబులోంచి ఎండబెట్టిన పెరుగుముక్క తీసి ఇచ్చాడు. "నోట్లో పెట్టుకో, బలం వస్తుంది."

ఆస్తా తనకూ ఒక ముక్క అడిగి తీసుకుంది. కొరికి దవడ పట్టుకుంది. "ఇది తినేదా, దీంతో కూడా స్కేట్లు నూరేదా?"

గదిలో నవ్వు లేచింది. వెండ్లా మళ్ళీ రాయి అందుకుంది. ఈసారి క్రిస్టెర్ చెప్పకుండానే వేగం తగ్గించాడు. మిషన్ చప్పుడూ రాయి చప్పుడూ ఒకదాని వెనక ఒకటి నడవడం మొదలైంది.

ఒంటిగంటకు పద్నాలుగు జతలు అయ్యాయి. జట్టు గడ్డ మీదికి వెళ్ళింది. మిగిలిన రెండూ అదనపు ఆటగాళ్ళవి. వెండ్లా కూర్చునే ఉంది. నెత్తిన కాళ్ళు కదిలాయి. కాసేపటికి అందరూ ఒక్కసారి తొక్కారు, గ్యాలరీ నించి దుమ్ము రాలింది.

"హంగేరీ వేసింది," అంది వెండ్లా తల ఎత్తకుండా.

"ఎలా చెప్పగలవే?"

"మనవాళ్ళు ఇవ్వాళ మంగోలియావైపు. తొక్కారుగానీ మనసుపెట్టి తొక్కలేదు."

మరి కాసేపటికి పడిన చప్పుడుకు మిషన్ మీది మూత ఎగిరి కింద పడింది. ఆస్తా గుడ్డ పారేసి బయటికి పరుగెత్తింది. వెండ్లా మాత్రం పదహారో జత గోటి మీద లాగి, పొట్టు చూసుకుని, అప్పుడు లేచింది.

రెండో సగం కంచె దగ్గర నిలబడి చూసింది. ఎవరూ పడట్లేదు. మలుపు దగ్గర కుర్రాళ్ళు పక్కకు ఒరిగి, వెడల్పు చారలు వదులుతూ నీటి మీద పక్షుల్లా వెళ్ళిపోతున్నారు. ఆగడం రానివాడు నిజంగానే ఆగలేదు, హంగేరీ గోల్‌కీపర్ వలలోకి బంతితో పాటు తనూ వెళ్ళాడు. ఆఖరికి హంగేరీ ఐదు, మంగోలియా నాలుగు. ఓడారు. అయినా రెండొందలమంది కాదు, ఈసారి రెండువేలమంది లేచి నిలబడి కొట్టిన చప్పట్లలో జాలి లేదు. కాఫీలో కలుపుకునే చిన్న సీసాల మూతలు బాహాటంగానే తెరుచుకున్నాయి.

చులూన్ వచ్చి కంచె మీదుగా ఆమె భుజం పట్టుకున్నాడు. "ఎమే, మంగళవారం పట్నంలో ఇంకో ఆట ఉంది. సోమవారం నువ్వు తెరుస్తావా?"

వెండ్లా జేబులో తాళంచెవి వేళ్ళకు తగిలింది. క్రిస్టెర్ పక్కనే ఉన్నాడు. ఆమె అతనివైపు చూసింది.

"తెరుస్తుంది," అన్నాడు క్రిస్టెర్. "మిషన్ కూడా అక్కడే ఉంటుంది. దాన్ని మళ్ళీ మోసే ఓపిక ఎవరికీ లేదు."

"మరి సాసేజీలు?" అంది ఆస్తా. ఏ విషయమూ సగంలో వదిలే మనిషి కాదు.

"సాసేజీ మంచులో నిలబడి తింటేనే రుచి. కమిటీకి అలాగే చెప్తాం."

"చెప్తాం అన్నాడు," అంది వెండ్లా ఆస్తాతో. "చూశావా, పళ్ళు రాల్లేదు."

రాయి సంచిలో పెట్టుకుందామని ఆమె గదికి వెళ్ళేసరికి గుమ్మం దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. గెలిచిన హంగేరీ గోల్‌కీపర్. భాష రాదు. రెండు చేతుల్లో తన స్కేట్లు ముందుకు చాపి, చులూన్ దగ్గర నేర్చుకున్నట్టు బొటనవేలి గోరు చూపించాడు.

వెండ్లా ఏప్రానుకు చేతులు తుడుచుకుని, "రా బాబూ, కూర్చో," అంది. "ఏ కాలు మీద ఎక్కువ ఒరుగుతావు?"