నల్లమట్టి మీద నేనిచ్చిన జవాబు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే, మూడు మాటలు. దాని కింద ఒక మనిషి నలిగిపోయాడు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. హేతువాదిగా జీవితమంతా వేదికలెక్కి ఇతరుల భయాలను ఎగతాళి చేసినవాణ్ణి. తెలిసినవాళ్ల ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు.

తాడేపల్లిగూడెంలో అణువిద్యుత్తు మీద చర్చాసభ పెట్టారు. ఆ వ్యర్థాలను భూమిలో పాతిపెడితే వేల ఏళ్లు కదలకుండా ఉంటాయా అన్నది ప్రశ్న. ఉంటాయని నా వాదన. ఆ ప్రయోగం ప్రకృతే చేసి చూపించిందన్నాను. ఆఫ్రికాలో ఒక యురేనియం గనిలో, సుమారు రెండు వందల కోట్ల ఏళ్ల కిందట, రాయే రియాక్టరులా పనిచేసిందనీ, ఆ వ్యర్థాల్లో చాలాభాగం పుట్టినచోటే ఉండిపోయిందనీ చెప్పాను. కెనడాలో బంకమట్టి చుట్టుకున్న మరో యురేనియం నిక్షేపం ఉంది. పైన నేలమీద దాని జాడే లేదన్నాను. చప్పట్లు మోగాయి.

నా సంచిలో ఇంకో కాగితం ఉంది. ఆ మట్టి యురేనియాన్ని దాచగలిగింది లోతున, గాలి తగలని తడిలో ఉంది కాబట్టేనని అందులో రాసి ఉంది. పగుళ్లలోంచి గాలి కలిసిన నీరు దిగినచోట యురేనియం కరిగి కదిలిపోయిందనీ ఉంది. దాన్ని బయటికి తీయలేదు. మరిచిపోయానా? లేదు. గెలుస్తున్నాను, అంతే.

అప్పుడు యేసుపాదం గారు లేచారు. కలిదిండి వైపు ఒక ఊళ్లో రిటైరైన సైన్సు మాస్టారు, అక్కడి రైతు సంఘానికి కార్యదర్శి. సంఘం గోడౌనులో పాడైన పురుగుమందు డబ్బాలు పేరుకుపోయాయట.

“ఏవండీ, మా కొల్లేటి నల్లమట్టికీ ఆ గుణం ఉంటుందాండీ? అందులో పాతేయొచ్చాండీ?”

“కోట్ల ఏళ్లు యురేనియాన్ని దాచిన మట్టండీ మాస్టారూ, మీ డబ్బాలకి జడుస్తుందా?”

సభంతా నవ్వింది. ఆయనా నవ్వారు.

నల్లరేగడి వేసవిలో నెర్రెలిస్తుందని ఈ డెల్టాలో పుట్టిన ఎవరికి తెలియదు? చిన్నప్పుడు ఆ నెర్రెల్లో నా కాలు మోకాలిదాకా దిగబడింది. ఆయనకూ తెలుసు. అయినా తన కళ్లకంటే నా మాటనే ఎక్కువ నమ్మారు. గుడ్డినమ్మకం మీద యుద్ధం చేస్తున్నానని చెప్పుకునే నేను, నా మీద పెట్టిన గుడ్డినమ్మకాన్ని ఎంత ఇష్టంగా అందుకున్నాను!

మాస్టారు తమ ఊరి మంచినీళ్ల చెరువు గట్టు వెనక గుంట తవ్వించి, డబ్బాలు పాతి, పైన మట్టి దట్టించారు. మరుసటి ఎండలకు నేల విచ్చింది. తొలకరి వాన ఆ గుంటలోకి దిగి, చెరువులోకి ఊరింది. చేపలు చచ్చి తేలేసరికే కొందరు ఆ నీళ్లు తాగేశారు. వాళ్లను ఏలూరు ఆసుపత్రికి తీసుకొచ్చారు. రత్నమ్మ అనే కూలీమనిషి తిరిగి వెళ్లలేదు.

మాస్టారు కావాలనే చేశాడని ఊళ్లో పుకారు లేచింది. ఆయన ఏలూరులో మా ఇంటికొచ్చారు.

“తప్పు నాదేనండీ, కాదనను. కానీ కావాలని చేసింది కాదు, మీరు చెబితే చేశానని ఒక్కసారి మా ఊరొచ్చి అనండి. చాలండీ.”

“నేను యురేనియం గురించి మాట్లాడానండీ. మీ గుంట సంగతి నన్నెప్పుడడిగారు?”

“అడిగానండీ. నిలబడి అడిగాను. అందరూ నవ్వారు కూడానండీ.”

“నాకు గుర్తు లేదు.”

ఆయన నా ముఖంలోకి చూశారు. కోపం తెచ్చుకున్నా బాగుండేది. “సరేనండీ. మీకు శ్రమిచ్చాను,” అని లేచి వెళ్లిపోయారు.

ఆ నెలలోనే ‘ఎవరి మాటనైనా ప్రశ్నించండి’ అని ఒక వ్యాసం రాశాను.

ఆయన ఊరు విడిచి నల్లజర్లలో కూతురింట్లో ఉండిపోయారు. నిరుడు పోయారని కబురొచ్చింది. వెళ్లలేదు. సమాధి దగ్గర నిలబడి ఏమనాలి? అప్పుడైనా గుర్తొచ్చిందనా?

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించే హక్కున్న ఇద్దరూ మట్టిలో ఉన్నారు. దేవుణ్ణి నమ్మేవాళ్లకు ఆయన ముందైనా మోకరిల్లే వీలుంది. నాకు అదీ లేదు. ఇదంతా రాసినందువల్ల రత్నమ్మ లేచి రాదు. నా పేరు లేని ఈ కాగితం ఆ ఊళ్లో మాస్టారి పేరును కడగదు కూడా. పేరు పెట్టే ధైర్యం ఈ వేళకీ రాలేదు. అయినా రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆయన అడిగారు. నిలబడి అడిగారు. నాకు గుర్తుంది.